దూరవిద్యయందలి క్రొత్తమాటలు - వాని పుట్టుపూర్వోత్తరములు



నేటి నా ప్రసంగమునకు విషయము కొన్ని మాటలు. ఆన్‌లైను, లాగిను, ప్లాట్‌ఫారము, మాడ్యూలు, వెబినారు, మూక్, క్రెడిట్టు - ఇవి యిప్పుడు పట్టణములలోనే గాక పల్లెలలోను మన మనుమల నోట నిత్యము వినబడుచున్నవి. తలిదండ్రులు హైదరాబాదులోనో బెంగుళూరులోనో కొలువు చేయుచుందురు. పిల్లవాడు తాతగారి యింట చదువుకొనుచుండును. "తాతయ్యా, కోర్సులో చేరవలెను, ఫీజు కట్టవలెను" అని వాడడుగును. మాట తెలియదని చెప్పుటకు మొగమాటపడి, తాతగారు తలయూచును. సంతకము ఆయనది, సొమ్ము ఆయనది, అర్థముమాత్రము ఇంకొకరిది. మాట తెలియక చేసిన బేరములో నష్టపడువాడెవ్వడో మీకు నేను చెప్పనక్కఱలేదు.

నేను సంప్రదాయరీతిని గురువుచెంత అమరమును, కావ్యములను, వ్యాకరణమును చదువుకొని, ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. యంత్రశాస్త్రము నా విద్య కాదు. కాని యొక మాట యెక్కడ పుట్టినది, ఏ యర్థమును మోసికొని మనయింటికి వచ్చినది అని విచారించుట మా విద్యకు మొదటి మెట్టు. ఆ మార్గముననే యీ మాటల చరిత్రను మీకు విన్నవించెదను.

మన సంప్రదాయములో చదువునకు సంబంధించిన మాటలనేకము దగ్గఱితనమును తెలుపునవి. ఉపనయనమనగా బాలుని గురువుదగ్గఱకు కొనిపోవుట. అంతేవాసి యనగా సమీపమున వసించు శిష్యుడు. ఉపనిషత్తను మాటలోను దగ్గఱ కూర్చుండుట యను భావము కలదు. గురువు నోటినుండి వెడలిన సంథను శిష్యుడు ఎదుట కూర్చుండి అందుకొనవలయును. ఇట్టి సన్నిధినుండి చదువు దూరమునకు ఎట్లు నడచెను? ఆ నడకలో ఏమి పోగొట్టుకొనెను, ఏమి సంపాదించెను? ఇదియే నేటి కథ.

దూరము ఒక్కసారిగా సముద్రములు దాటి రాలేదు; అది మొదట ఒక్క యరుగుమీదనే పుట్టినది. ఒక అయ్యవారు, నలువదిమంది పిల్లలు. అందఱకును ఆయన యొక్కడే దగ్గఱగా నుండుట యెట్లు? మన వీధిబడులు దీనికొక యుపాయము కనుగొన్నవి. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో జిల్లాలన్నిటిలోను బడుల లెక్కలు తీయుడని యుత్తరువు చేసెను. దానికి బదులుగా 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెలు దొర పంపిన నివేదిక చదువదగినది. నాటి యా జిల్లాలో తెలుగును కన్నడమును రెండును వాడుకలో నుండెను. 533 బడులు, 6,641 మంది విద్యార్థులు అని ఆయన లెక్క. తెల్లవారి ఆఱుగంటలకు బడి. మొదట వచ్చిన బాలుని అఱచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు; అనగా మెప్పును లేదు, దండనయు లేదు. మూడవవానికొక చిన్న దెబ్బ. తరువాతివారికి వరుసగా ఒక్కొక్కటి హెచ్చు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్ది, తరువాత ఆకులమీదను కడితములమీదను వ్రాయుదురు. బడి తరగతులుగా విభజింపబడియుండును. చిన్నవారికి పెద్దపిల్లలు చెప్పుదురు. అయ్యవారు అందఱిపైని కన్నువేసి యుండును.

పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించు నీ పద్ధతి ఇంగ్లండు దేశమువారు అనుకరించుటకు తగినదే యని క్యాంబెలు మెచ్చుకొనెను. అట్లు అనుకరించినవాడు ఆండ్రూ బెల్ అను మతగురువు. ఆయన 1789లో మద్రాసునందలి ఎగ్మూరు బాలుర శరణాలయమునకు అధికారియై, ఇసుకలో వ్రాయించుట, పిల్లలచే పిల్లలకు చెప్పించుట అను పద్ధతులను అచట ప్రవేశపెట్టి, 1797లో ఆ సంగతిని గ్రంథముగా ప్రకటించెను. ఇంగ్లండులో దానికి "మద్రాసు పద్ధతి" యనియే పేరు వచ్చెను. నేడు ఆన్‌లైను బోధకులు "పీర్ లెర్నింగు" అని గొప్పగా చెప్పునది యిదియే: తోటివానివలన నేర్చుకొనుట. మాట క్రొత్తది, పని మన యరుగుమీదిది.

ఆ నివేదికలోనే క్యాంబెలు ఒక లోపమునుగూడ ఎత్తిచూపెను. పిల్లలు కావ్యభాషలోనున్న పద్యములను అర్థము తెలియకయే చిలుకలవలె వల్లెవేయుచున్నారనియు, పెక్కుచోట్ల చెప్పు అయ్యవారికిని అర్థము తెలియదనియు ఆయన ఫిర్యాదు. దీనిని మనస్సులో నుంచుకొనుడు. ప్రసంగాంతమున దీనితో పనియున్నది.

పిమ్మట దూరము తపాలాసంచిలో ప్రయాణము చేసెను. 1840లో ఇంగ్లండులో దేశమంతటికి ఒకే పెన్నీతో ఉత్తరము పోవు ఏర్పాటు వచ్చినది. ఆ సంవత్సరముననే ఐజాక్ పిట్‌మన్ అను నతడు తన సంక్షిప్తలిపిని తపాలా ద్వారా నేర్పదొడగెను. శిష్యుడు అభ్యాసము వ్రాసి పంపును. గురువు తప్పులు దిద్ది తిరిగి పంపును. ఇందలి ముఖ్యమైన పని పాఠము పంపుట కాదు, దిద్ది తిరిగి పంపుట. ఈ దిద్దుబాటునకే నేడు "ఫీడ్‌బ్యాక్" అని పేరు. 1858లో లండను విశ్వవిద్యాలయము ఎచట చదివినవారైనను, ఇంటనే చదివినవారైనను, తన పరీక్షలకు కూర్చుండవచ్చునని ద్వారము తెఱచెను. మన దేశమున 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయమును, 1972లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తును ఇట్టి చదువును ప్రారంభించెను. "కరస్పాండెన్సు కోర్సు" అను పేరు మీలో చాలమందికి తెలిసినదే. ఉత్తరప్రత్యుత్తరముల చదువని దాని యర్థము. బడిపంతుళ్లును, గుమాస్తాలును రాత్రివేళ దీపముచెంత కూర్చుండి ఆ కాగితములతో పట్టములు సంపాదించిరి. నా తోటి యుపాధ్యాయులనేకులు అట్టివారే.

తరువాతి వాహనము, మీరిప్పుడు వినుచున్న రేడియో. 1956లో పూనా కేంద్రమునుండి గ్రామస్థులకొక ప్రయోగము జరిగెను. సుమారు 150 గ్రామములలో జనులు గుంపుగా కూర్చుండి ప్రసంగము విని, తమలో తాము చర్చించి, తమ ప్రశ్నలను కేంద్రమునకు వ్రాసి పంపుచుండిరి. అటుపిమ్మట ఆకాశమునుండియే పాఠము దిగినది. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు, అమెరికావారి యుపగ్రహమును ఎరువు తెచ్చుకొని, ఆఱు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు మనవారు టెలివిజను పాఠములు ప్రసారము చేసిరి. అందు ఆంధ్రప్రదేశ గ్రామములును ఉండెను, తెలుగుపాఠములును ఉండెను. ఊరి బడిముందు పెట్టెను పెట్టి, ఊరంతయు చూచిన ఆ సంవత్సరము మీలో కొందఱికి జ్ఞాపకముండవచ్చును.

ఇక "ఓపెన్" అను మాట. 1969లో బ్రిటనునందు ఓపెన్ యూనివర్సిటీ యేర్పడి, 1971లో బోధన మొదలిడెను. ఓపెన్ అనగా తెఱచియున్నది. ముందు పట్టములు లేకపోయినను, వయస్సు మీఱినను, ఎవ్వరైనను లోనికి రావచ్చునని భావము. మన దేశమున ఇట్టిది మొదట వెలసినది ఢిల్లీలో కాదు, బొంబాయిలో కాదు, మన హైదరాబాదులో. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. 1991లో దానికి డాక్టరు బి.ఆర్. అంబేడ్కరుగారి పేరు పెట్టిరి. దాని మొదటి ఉపాధ్యక్షులు జి. రాంరెడ్డిగారు, 1985లో ఢిల్లీయందు ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము పుట్టినప్పుడు దానికిని ఆయనయే మొదటి యుపాధ్యక్షులు. బడి మానినవారికి, పిల్లలతల్లులకు, కూలిపని చేసికొనువారికి రెండవమాఱు ద్వారము తెఱచిన గౌరవము తెలుగుదేశమునకు దక్కినది.

ఇప్పటికి మన మనుమల మాటలకు వచ్చితిమి. "లైను" అనగా గీత, త్రాడు, తీగ. తంతితీగయు, కరెంటుతీగయు మనకు లైనులే. "ఆన్‌లైను" అనగా తీగతో కలిసి యున్న స్థితి. 1960లో అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయమున డొనాల్డ్ బిట్జర్ అను పండితుడు "ప్లేటో" అను పాఠయంత్రమును కట్టెను. పెద్దకంప్యూటరొక్కటి, దానికి తీగలతో కలిపిన తెరలు దూరమున పెక్కు. విద్యార్థి తెరముందు కూర్చుండి, ప్రశ్నకు ఉత్తరమొత్తగానే అది తప్పో ఒప్పో యంత్రము చెప్పును. 1989లో జెనీవాచెంత టిమ్ బెర్నర్స్-లీ "వెబ్" అను ఏర్పాటును ప్రతిపాదించిన తరువాత, ఈ తెర లోకమంతటికిని వ్యాపించెను. వెబ్ అనగా సాలెపురుగు అల్లిన గూడు. నేడు తీగ లేకపోయినను ఆన్‌లైను అనియే యందురు. నూనెలేని విద్యుద్దీపమును మనము దీపమనియే పిలుచుట లేదా?

"లాగిను" అను మాట ఓడలనుండి వచ్చినది. "లాగ్" అనగా కొయ్యదుంగ. పూర్వము నావికులు త్రాటికి కట్టిన కొయ్యను నీట విడిచి, ఓడ వేగమును కొలిచి, ఒక పుస్తకములో వ్రాసికొనెడివారు. ఆ పుస్తకము లాగుబుక్కు. దినచర్యలు వ్రాయు పుస్తకములన్నిటికిని ఆ పేరు చెల్లినది. లాగిన్ అనగా వచ్చితినని పట్టీలో పేరు వ్రాయించుకొనుట. బళ్లారి బడిలో అఱచేత సరస్వతి పేరు వ్రాయించుకొనుటయు నట్టిదే. ఎవడు ముందు వచ్చెనో, ఎవడు వెనుక వచ్చెనో ఈ పుస్తకమును చెప్పును. దీనికి తాళపుచెవి వంటిది పాస్‌వర్డు. ఒక్కమాఱు మాత్రమే పనిచేయు తాళపుచెవి ఓ.టి.పి. తాళపుచెవిని దారినపోవువాని చేతికిత్తుమా? ఇదియు నట్లే, ఫోనులో అడిగినవాడు ఎంత మర్యాదగా అడిగినను ఇవ్వరాదు.

"ప్లాట్‌ఫారము" అనగా చదునైన వేదిక, మన యరుగు. అరుగు యజమానిది, దానిమీద కూర్చుండి చెప్పువాడు వేఱొకడు కావచ్చును. కనుక అరుగు పెద్దదైనంతమాత్రమున అయ్యవారు పండితుడని నమ్మరాదు. ఆ యరుగుమీద హాజరు, పాఠము, పరీక్ష, మార్కులు అన్నిటిని నడుపు యంత్రపు గుమాస్తాను ఎల్.ఎమ్.ఎస్. అందురు. 2002లో ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామస్ రచించి, ఎల్లవారికిని ఉచితముగా నిచ్చిన "మూడిల్" ఇట్టివానిలో ప్రసిద్ధమైనది. "మాడ్యూలు" అను మాటకు లాటిను మూలము. చిన్న కొలత యని యర్థము. పాఠమును ముద్దముద్దగా విభజించి పెట్టుటయే మాడ్యూలు. "సెమినారు" అను మాట మనకు మఱింత ప్రియమైనది: లాటినులో సెమినారియము అనగా విత్తులు చల్లి మొక్కలు పెంచు నారుమడి. వెబ్బును సెమినారును కలిపి "వెబినారు" చేసిరి. సాలెగూటిలో నారుమడి యన్నమాట. నారుమడి పంట కాదని మీకు తెలియును. నాటు వేయవలెను, కలుపు తీయవలెను. ఒక వెబినారు వినినంతనే విద్య పండినదని తలచువానికి ఈ మాటయే సమాధానము చెప్పుచున్నది.

ఇంక రెండు కఠినమైన మాటలు: సింక్రనస్, అసింక్రనస్. గ్రీకుభాషలో "సిన్" అనగా కూడ, "క్రోనోస్" అనగా కాలము. గురుశిష్యులిద్దఱును ఒకేకాలమున తెరకు అటునిటు కూర్చుండి మాటలాడుకొనుట సింక్రనస్. పిల్లలు దీనినే "లైవు క్లాసు" అందురు. గురువు ముందే చెప్పియుంచిన పాఠమును శిష్యుడు తన వీలునుబట్టి వినుట అసింక్రనస్. మన చదువులో మొదటిది సంథ, రెండవది చింతన. సంథ లేక చింతన గ్రుడ్డిది; చింతన లేని సంథ నీటిమీది వ్రాత. ఈ రెంటిని కలిపి, కొంత బడిలోను కొంత తెరమీదను నడుపునది "బ్లెండెడ్". పాఠమును ఇంట విని, అభ్యాసమును బడిలో గురువు సమక్షమున చేయునది "ఫ్లిప్డ్", అనగా తలక్రిందు చేసినది. 2007లో అమెరికాలోని కొలరాడోయందు బెర్గ్‌మన్, సామ్స్ అను ఇద్దఱు ఉపాధ్యాయులు, బడికి రాలేకపోయిన పిల్లలకై పాఠములను చిత్రీకరించి యుంచుటతో ఈ పద్ధతికి ప్రసిద్ధి వచ్చినది.

"మూక్" అను మాట విని మీరు జనసమూహమనుకొన్నచో పూర్తిగా తప్పు కాదు. వేలకొలది జనులకు తెఱచియున్న ఆన్‌లైను కోర్సు అను నాలుగింగ్లీషుమాటల మొదటి యక్షరములది. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయమున సీమెన్స్, డౌన్స్ అనువారొక కోర్సు నడపిరి. రుసుము కట్టినవారు 25 మంది. ఊరక చేరినవారు సుమారు 2,200 మంది. దానిని చూచి డేవ్ కార్మియర్ ఈ పేరు పెట్టెను. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు కృత్రిమమేధను గూర్చిన కోర్సులో సుమారు 1,60,000 మంది చేరిరి. తుదముట్ట చదివినవారు వారిలో చాల కొలదిమంది. చేరుట సులభమైనచోట విడుచుటయు సులభము. కావున "మా కోర్సులో లక్షమంది చేరిరి" అని యెవరైన ప్రకటించినప్పుడు, "ఎందఱు పూర్తిచేసిరి?" అని యడుగుడు.

మన ప్రభుత్వము 2003 నుండి ఐ.ఐ.టి. పాఠములను ఎన్.పి.టి.ఇ.ఎల్. పేర ఉచితముగా వెలువరించుచున్నది. 2017లో పెద్దచదువులకు "స్వయం", బడిచదువునకు "దీక్ష" యనునవి వచ్చినవి. ఇవి ఇంగ్లీషు పొడియక్షరములే యైనను, సంస్కృతమున చక్కని యర్థమిచ్చుచున్నవి. స్వయమునందు ప్రతి కోర్సునకును నాలుగు భాగములు: చూచుటకు పాఠము, చదువుటకు గ్రంథము, తన్ను తాను పరీక్షించుకొనుటకు ప్రశ్నలు, సందేహములు తీర్చుకొనుటకు చర్చ. మన పెద్దలును విద్యను నాలుగు పాళ్లుగా చెప్పుదురు: గురువువలన నొకపాలు, తన బుద్ధివలన నొకపాలు, తోటివారివలన నొకపాలు, కాలక్రమమున నొకపాలు. మొదటి మూడింటిని యంత్రము కొంతవఱకు సమకూర్చగలదు. కాలమను నాలుగవ పాలునుమాత్రము ఏ కంపెనీయు అమ్మజాలదు. "పదిదినములలో పండితుని చేసెదము" అను ప్రకటనలను చూచునప్పుడు ఈ లెక్క జ్ఞాపకముంచుకొనదగును.

ఈ మాటలన్నియు ఒక్కసారిగా మనయింట ప్రవేశించినది 2020లో. మార్చినెలలో కరోనావ్యాధివలన దేశమంతట బడులు మూతపడెను. తెలంగాణలో ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠములు ప్రసారమయ్యెను. ఆంధ్రప్రదేశమున దూరదర్శన్ సప్తగిరి ద్వారా నడచెను. అప్పుడే "డిజిటల్ డివైడు" అను మాటకు అర్థము మనకు కన్నులార కనబడినది. డివైడనగా పాయ. ఏటికి ఆ గట్టున పాఠమున్నది, ఈ గట్టున పిల్లవాడున్నాడు. దాటుటకు పడవ లేదు. ఒక యింట ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను. దానిని ఉదయమే తండ్రి పనికి కొనిపోవును. ఇట్టి యిండ్లను నేను మా వీధిలోనే చూచితిని. ఆడపిల్లకు ఫోనందుట అన్నిటికంటె కడపట. బడి యరుగుమీద నున్నప్పుడు అందఱకును ఒకటే యిసుక. తెర వచ్చిన తరువాత వానివాని స్తోమతునుబట్టి వానివాని తెర. ఊరి గ్రంథాలయములోనో పంచాయతి కచేరిలోనో పిల్లలకొక తెరను, దానిచెంత కూర్చుండు నొక చదువుకొన్న యువకుని ఏర్పఱచినయెడల, 1956 నాటి గుంపుచదువు మరల మనయూర నిలుచును. ఇది పెద్దలు చేయదగిన పని.

కడపటి మాట "క్రెడిట్టు". వారమునకొక గంట చొప్పున ఒక సెమిస్టరు పాఠము వినిన కొలత ఒక క్రెడిట్టు. స్వయమునందు సంపాదించిన క్రెడిట్లను కళాశాలలు తమ లెక్కలో నూటికి 40 వంతులవఱకు చేర్చుకొనవచ్చునని విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2021లో అనుమతించెను. క్రెడిట్టునకు లాటిను మూలము "క్రేదో", అనగా నమ్ముచున్నాను. భాషాశాస్త్రజ్ఞులు ఈ మాటను మన "శ్రద్ధ"యు ఒకే తల్లిబిడ్డలని నిర్ణయించిరి. శ్రద్ధయనగా నమ్మికతో హృదయమును నిలుపుట. శ్రద్ధనుండి పుట్టిన మాట నేడు అంకెగా మాఱినది. అంకెతోపాటు శ్రద్ధయు నున్నదా యని చూచుటయే పెద్దల విధి.

ఏలయన, ఇచట మోసమునకు తావు కలదు. మా యెఱుకలోని యొక రైతు, మనుమని చదువునకని ఒకానొక సంస్థవారు చూపిన తెరమీద సమ్మతి యొత్తెను. అది ఉచితపరీక్ష యనుకొనెను. మఱునెలనుండి బ్యాంకులో సొమ్ము తఱుగసాగెను. తనంతట సొమ్ము తీసికొను ఆ ఏర్పాటునకు "ఆటో డెబిట్" అని పేరు. 2021 డిసెంబరులో కేంద్రవిద్యాశాఖవారు ఇట్టి సంస్థల విషయమున జాగ్రత్తగా నుండుడని తలిదండ్రులకు హెచ్చరిక ప్రకటించిరి. అందీ ఆటో డెబిట్టు మాటయు నున్నది. ఆ రైతునకు లోపించినది తెలివి కాదు, రెండు మాటల యర్థము.

కాబట్టి సంతకమునకు ముందు అయిదు ప్రశ్నలడుగుడు. చెప్పు గురువెవరు? పిల్లవాని తప్పులు దిద్దువారెవరు? పరీక్షను ఎదుట కావలియుండి పెట్టుదురా? ఇచ్చు కాగితము పాల్గొన్నందుకా, ఉత్తీర్ణుడైనందుకా. పట్టమైనచో ధనసహాయ సంఘమువారి యనుమతి యున్నదా? సొమ్ము ఒక్కసారియా, నెలనెలయా, మానదలచినచో మార్గమేమి? వీనికి తిన్నని సమాధానము చెప్పువారికడ పిల్లవానిని చేర్పింపవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న పిల్లవానినే అడుగవలయును: "నాయనా, నేడు ఏమి వింటివో నాకు చెప్పుము." చిలుకపలుకు పలికినచో క్యాంబెలు దొర 1823లో చూచిన లోపము నేటి తెరమీదను ఉన్నదన్నమాట. తన మాటలతో చెప్పగలిగినచో విద్య యబ్బినదన్నమాట. అది యిసుకమీద నేర్చినదైనను సరే, గాజుతెరమీద నేర్చినదైనను సరే. అడుగుటకు మీకు ఇంగ్లీషు రానక్కఱలేదు, యంత్రము తెలియనక్కఱలేదు. దగ్గఱ కూర్చుండిన చాలును. పాఠము వేయిక్రోసుల దూరమునుండి వచ్చినను, వినువానిచెంత నొక పెద్ద కూర్చున్నప్పుడు ఉపనయనమను మాటలోని సన్నిధి కొంత నిలిచియే యుండును.

ఇంతటితో విరమించుచున్నాను. సెలవు.